మోవర్‌కి వారంటీ రాదన్నారా? ముందు జాబ్ కార్డు రాయించండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మంగళగిరి దగ్గర మీకు ఫంక్షన్ హాల్ ఉంది. లాన్ కోసం నిరుడు ఒక రైడింగ్ మోవర్ (మీద కూర్చుని నడిపే గడ్డికోత బండి) కొన్నారు. ఇప్పుడు ఇంజన్ రేసు దానంతటదే ఎక్కుతూ దిగుతూ ఉంది. అరగంట నడిచాక ఆగిపోతోంది. బ్లేడ్లు ఆన్ చేస్తే సీటు దాకా వణుకు వస్తోంది. డీలర్ ఫోన్లోనే "పెట్రోల్ ప్రాబ్లం, వారంటీ రాదు" అనేశాడు. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్‌తో విప్పించుకోవాలా, కంపెనీతోనే తేల్చుకోవాలా అని అడిగారు.

ఇప్పుడే విప్పించకండి. ఫోన్లో చెప్పిన "రాదు"కి ఏ విలువా లేదు. బండిని డీలర్ దగ్గర పెట్టి, జాబ్ కార్డు (బండి తీసుకుంటూ కంప్లయింటు రాసుకునే సర్వీస్ కాగితం) రాయించి, రాదంటే ఆ మాట కాగితం మీదో మెయిల్‌లోనో తీసుకోండి. ఇంకో సంగతి, మీరు చెప్పినవి ఒక రిపేరు కాదు, మూడు. అందులో ఒకటి బహుశా మీ ఖర్చే. ఒకటి వారంటీలో రావచ్చు. మూడోది వాదించాల్సిన కేసు. మూడింటినీ కలిపి "బండి సరిగ్గా నడవట్లేదు" అని ఇస్తే, మీ ఖర్చయ్యేదాన్ని చూపించి మిగతా రెండూ కొట్టేస్తారు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, సొంత షాపు పెట్టకముందు నేను ఒక డీలర్ సర్వీస్ సెక్షన్‌లో కౌంటర్ వెనక కూర్చుని ఆ జాబ్ కార్డులే రాసేవాణ్ణి. జనరేటర్లు, పవర్ వీడర్లు, బ్రష్ కట్టర్లు, ఇలాంటి మోవర్లు అన్నీ వచ్చేవి. కస్టమర్ వస్తూనే "పెట్రోల్లో ఏదో తేడా వచ్చినట్టుందండీ, కాస్త చూడండి" అంటాడు. మేం అదే రాస్తాం: "పెట్రోల్ తేడా, కస్టమర్ చెప్పారు." కింద ఆయన సంతకం. క్లెయిమ్ అక్కడితో అయిపోయింది. కంపెనీ వాళ్లు బండిని చూడరు, ఆ లైను చూస్తారు. పెట్రోల్ వల్ల వచ్చిన చెడు వారంటీలోకి రాదని కార్డు వెనక ముందే అచ్చువేసి ఉంటుంది.

కాబట్టి రోగం పేరు మీరు చెప్పొద్దు, లక్షణం మాత్రమే చెప్పండి. మీ బండికైతే నేను ఇలా రాయిస్తాను:

1. బ్లేడ్లు ఆపి, ఫుల్ థ్రాటిల్ పెట్టినా ఇంజన్ వేగం నిలకడగా లేదు, ఎక్కుతూ దిగుతూ ఉంది.
2. వేడెక్కాక ఇంజన్ ఆగిపోతోంది, కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అవుతోంది.
3. బ్లేడ్లు ఆన్ చేసినప్పుడు మాత్రమే వణుకు.

పక్కనే అవర్ మీటర్ (ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చూపేది) రీడింగ్, తేదీ. సంతకం పెట్టేముందు చదవండి, ఫోటో తీసుకోండి. "జనరల్ చెకప్" అని ఒక్క ముక్క రాసి ఇస్తే తీసుకోవద్దు.

ఇక ఒక్కోటీ చూద్దాం. డీలర్ దగ్గరికి వెళ్లేలోపు ఒక్క నట్టు కూడా విప్పకుండా మీరు తేల్చుకోగలిగినవి ఉన్నాయి.

అరగంటకు ఆగిపోవడం. దీన్ని ముందు చూడండి, ఎందుకంటే తేలిక. ఇంజన్ ఆగిన వెంటనే పెట్రోల్ ట్యాంకు మూతను మెల్లగా వదులు చేయండి. దగ్గర్లో సిగరెట్టూ అగ్గిపుల్లా ఉండకూడదు, పెట్రోల్ చుక్క వేడి ఇంజన్ మీద పడకూడదు. "సుయ్"మని గాలి లోపలికి లాగిన చప్పుడు వచ్చి, వెంటనే స్టార్ట్ చేస్తే బండి లేచిందంటే తప్పు మూతదే. ఆ మూతకి సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులో పెట్రోల్ తగ్గేకొద్దీ లోపల గాలి పలచబడి, పెట్రోల్ కిందికి దిగడం ఆగిపోతుంది. దీనికి వారంటీ గొడవ అక్కర్లేదు, మూత మార్చుకుంటే చాలు.

మూత తీసినా లేవలేదు, కానీ ఇరవై నిమిషాలు చల్లారాక లేచింది అంటే నా అనుమానం ఇగ్నిషన్ కాయిల్ మీద, అంటే ప్లగ్గుకి స్పార్క్ కరెంటు ఇచ్చేదాని మీద. వేడెక్కగానే కాయిల్ లోపల చుట్ట తెగినట్టయి కరెంటు రాదు, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. ఇంజన్ ఆగిన ఆ నిమిషంలోనే స్పార్క్ టెస్టర్ పెట్టి చూస్తే తేలిపోతుంది. చల్లారాక చూస్తే స్పార్క్ బ్రహ్మాండంగా ఉంటుంది. అందుకే సర్వీస్ సెంటర్లో పొద్దున పెట్టి సాయంత్రం చూసి "బాగానే ఉందండీ" అని పంపేస్తారు. మీరు అక్కడే ఉండి, నడిపించి, ఆగినప్పుడే టెస్ట్ చేయించండి. ఆగిపోవడం, మూత తీసినా లేవకపోవడం ఒకే వీడియోలో ఉంటే ఇంకా మంచిది. కాయిల్ అరిగే వస్తువు కాదు. గడువులో పోతే అడిగే హక్కు మీకుంది.

ఒక తిరకాసు ఉంది. ఇంజన్ పైన గాలి విసిరే కవరు కింద, సిలిండర్ రెక్కల మధ్య ఎండుగడ్డి కూరుకుపోయి ఉంటే "వేడెక్కింది మీరు శుభ్రం చేయకపోవడం వల్లే" అంటారు. మే నెల గుంటూరు ఎండలో ఆ మాటకి బలం ఎక్కువ. బండి ఇచ్చేముందు పైనుంచి కనిపించే జల్లెడ మీద గడ్డిని బ్రష్‌తో దులపండి. నీళ్లు కొట్టకండి.

రేసు ఎక్కుతూ దిగుతూ ఉండటం. మెకానిక్కులు దీన్ని హంటింగ్ అంటారు. పదిలో తొమ్మిది బళ్లకి కార్బురేటర్‌లో (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) సన్న జెట్టు, అంటే పెట్రోల్ వచ్చే రంధ్రం, మూసుకుపోవడమే కారణం. పెట్రోల్ చాలక ఇంజన్ కుంగుతుంది, వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ అనే భాగం థ్రాటిల్ తెరుస్తుంది, వేగం పెరగ్గానే మూస్తుంది, మళ్లీ కుంగుతుంది. డీలర్ అన్నమాట ఇక్కడ పూర్తిగా అబద్ధం కాదు. కానీ పూర్తి నిజం కూడా కాదు.

మన బంకుల్లో ఇప్పుడు దొరికే మామూలు పెట్రోల్ ఇ20, అంటే 20 శాతం ఇథనాల్. ఈ చిన్న ఇంజన్ల మాన్యువల్స్‌లో చాలావాటిలో ఇథనాల్ 10 శాతం మించకూడదని ఉంటుంది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. కార్బురేటర్‌కి పెట్రోల్ వెళ్లేది ఆ అడుగు నుంచే. కార్బురేటర్ కింది గిన్నె విప్పితే అల్యూమినియం మీద తెల్లటి పొడి, జెట్టులో జిగురు కనిపిస్తాయి.

ఫంక్షన్ హాళ్ల బళ్లకి ఇది ఎక్కువ. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కదా అని బండిని సగం ట్యాంకు పెట్రోల్‌తో షెడ్డులో వదిలేస్తారు. పైన వానాకాలం తేమ. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేసరికి తుంగా గరికా మోకాలెత్తు లేచి ఉంటాయి. రేపు రిసెప్షన్ అనగా ఇవాళ అదే పాత పెట్రోల్‌తో బండిని బయటికి లాగుతారు. మీది కూడా అలా జరిగి ఉంటే క్లెయిమ్ మీద పెద్ద ఆశ పెట్టుకోకండి.

అలా కాకుండా బండి వారం వారం నడుస్తూ, పెట్రోల్ ఎప్పటికప్పుడు కొత్తది పోస్తూ ఉన్నారనుకోండి. అప్పుడు వాదించండి. డీలర్ ట్యాంకు ఖాళీ చేసేలోపు మీరే కొంచెం పెట్రోల్ శుభ్రమైన గాజు సీసాలోకి తీసి, బిగించి, తేదీ రాసి, నీడలో ఒక రాత్రి కదపకుండా ఉంచండి. పొద్దున అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లు దిగినట్టే, ఊరుకోవడం మంచిది. పొర లేకుండా తేటగా ఉంటే ఫోటో తీసి సీసా దాచండి. ఆ పైన కంపెనీకి ఒకటే ప్రశ్న మెయిల్ పెట్టండి: "ఈ ఇంజన్‌ని మీరు ఇక్కడ అమ్మారు. ఇక్కడ బంకుల్లో ఇ20 ఉంది. మీ మాన్యువల్ 10 శాతం అంటోంది. నేను ఏ పెట్రోల్ పోయాలో రాతపూర్వకంగా చెప్పండి." దీనికి సూటిగా జవాబు రాసిన కంపెనీని నేను చూడలేదు. కానీ ఈ మెయిల్ వెళ్లాక "ఈసారికి గుడ్‌విల్ కింద చేసిస్తాం" అని కార్బురేటర్ మార్చి ఇచ్చిన కేసులు నా దగ్గరికొచ్చిన వాళ్లలోనే ఉన్నాయి.

వణుకు. దీని మీదే మీకు చేదు మాట చెప్పాలి. బ్లేడ్లు ఆన్ చేసినప్పుడే వణుకుతోందంటే ఇంజన్‌కి సంబంధం లేదు, కింద డెక్కులో (బ్లేడ్లని కప్పి ఉండే రేకు డొప్ప) ఉంది. బండి తాళంచెవి బయటికి తీసేసి, స్పార్క్ ప్లగ్గు వైరు పీకి, చేతులకి మందపాటి గ్లౌజులు వేసుకుని ఒక్కో బ్లేడు చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. లొడలొడ అంటే బేరింగు పోయింది. బ్లేడు అంచున లోతుగా గంటు ఉంటే దేన్నో కొట్టింది.

ఫంక్షన్ హాల్ లాన్‌లో ఏం కొడుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. షామియానా వాళ్లు పాతిన ఇనుప మేకులు, డెకరేషన్ వాళ్లు వదిలేసిన బైండింగ్ వైరు, పూలదండల పురికొస. ఉండవల్లి వైపు నుంచి ఒక బండి వచ్చింది. పైకి చూస్తే ఏమీ లేదు. డెక్కు ఎత్తి చూస్తే స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) చుట్టూ బైండింగ్ వైరు, నైలాన్ తాడు, బంతిపూల దారం అన్నీ కలిసి కొబ్బరికాయంత ఉండ. అది బేరింగు సీలుని కోసి, గ్రీజు మొత్తం బయటికి లాగేసింది. ఓనరు మాత్రం బేరింగు నాసిరకం అని డీలర్‌తో నెల రోజులుగా గొడవ పడుతున్నాడు.

దెబ్బ తగిలిన గుర్తు ఉంటే దాన్ని క్లెయిమ్‌లో పెట్టకండి. బ్లేడుని వెల్డింగ్ షాపులో సాన పట్టించి గంటు కనపడకుండా చేసి తీసుకెళ్లే తెలివి కూడా వద్దు. డెక్కు లోపలి రేకు మీద దెబ్బలు అలాగే ఉంటాయి, టెక్నీషియన్ మొదట చూసేది అక్కడే. ఒక్క అబద్ధం దొరికిందంటే కాయిల్ క్లెయిమ్ కూడా పోతుంది. దెబ్బా లేదు, వైరూ చుట్టుకోలేదు, అయినా బేరింగు లొడలొడలాడుతోందంటే మాత్రం నిక్షేపంగా అడగండి. బ్లేడు, బెల్టు, ప్లగ్గు, ఫిల్టర్లు అరుగుదల సామాన్లు కాబట్టి అవి మీ ఖర్చే, వాటి మీద టెన్షన్ పడి లాభం లేదు.

మీరు అడగలేదు గానీ ఇలాంటి బళ్లలో తరచూ వచ్చేది ఇంకోటి చెప్తాను. తాళం తిప్పితే ఇంజన్ సగం చుట్టు తిరిగి ఆగిపోవడం. అందరూ బ్యాటరీ అంటారు. కాజ వైపు ఒక కాలేజీ వాళ్లు బ్యాటరీ మార్చారు, స్టార్టర్ మోటారు మార్చారు, బండి అదే పాట పాడింది. చూస్తే వాల్వ్ గ్యాప్ (ఇంజన్ వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య ఉండే సన్నటి సందు) పెరిగిపోయి ఉంది. స్టార్ట్ అయ్యేటప్పుడు కంప్రెషన్ తగ్గించే చిన్న ఏర్పాటు క్యామ్‌షాఫ్ట్‌లో ఉంటుంది. వాల్వ్ గ్యాప్ ఎక్కువైతే అది పని చేయదు, స్టార్టర్ మొత్తం కంప్రెషన్‌ని నెట్టలేక చతికిలబడుతుంది. మాన్యువల్‌లో చెప్పిన కొలతకి గ్యాప్ సెట్ చేస్తే చాలు.

ఇప్పుడు కాగితాలు. మీ వారంటీ కార్డులో "వాణిజ్య వినియోగం" అన్న గడిని వెతకండి. సొంత ఇంటి వాడకానికి ఏళ్లలో ఇచ్చే వారంటీని, ఆదాయం వచ్చే చోట వాడితే నెలలకి కుదించే కంపెనీలు చాలా ఉన్నాయి. ఫంక్షన్ హాల్ ఆ రెండో గడిలోకే వస్తుంది. బిల్లు హాల్ పేరున, జీఎస్టీ నంబరుతో ఉంటే ఇంటికి వాడుతున్నామని చెప్పినా నడవదు. ఆ గడువు దాటిపోయి ఉంటే ఇప్పటిదాకా నేను రాసినదాంట్లో సగం మీకు పనికిరాదు, నేరుగా చివరి పేరాలకి వెళ్లండి.

గడువులోనే ఉంటే ఇంజన్ మీద ప్లేటు, బండి చాసిస్ మీద ప్లేటు రెండూ ఫోటో తీయండి. చాలా మోవర్లలో ఇంజన్ ఒక కంపెనీది, బండి ఇంకో కంపెనీది. వారంటీలూ రెండు ఉంటాయి. బండి డీలర్ ఒప్పుకోకపోయినా, ఇంజన్ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఇంజన్ నంబరు చెప్పి, దగ్గర్లో వాళ్ల అధీకృత సర్వీస్ ఎక్కడుందో అడగొచ్చు. ఆయిల్ మార్చిన బిల్లులు కూడా వెతకండి. కొత్త ఇంజన్‌కి మొదటి ఆయిల్ మార్పు సాధారణంగా 5 నుంచి 8 గంటల్లోపే ఉంటుంది, చాలామంది అది ఎగ్గొడతారు. బైకుకి పోసే ఆయిలే దీనికీ పోస్తారు. మాన్యువల్‌లో ఎస్‌ఏఈ 30 అనో 10డబ్ల్యూ-30 అనో ఉంటే అదే పోసినట్టు బిల్లు చూపించగలగాలి.

డీలర్ మీద కోపం తెచ్చుకునే ముందు ఆయన లెక్క కూడా తెలుసుకోండి. వారంటీ పనికి కంపెనీ ఇచ్చే లేబరు, మీరు జేబులోంచి ఇచ్చేదానికంటే తక్కువ. పార్టు డబ్బులు కంపెనీ ఒప్పుకుంటేనే వస్తాయి, అదీ ఆలస్యంగా. రిజెక్ట్ అయితే ఆ పార్టు ఆయన నెత్తిన పడుతుంది. అందుకని ముందే "రాదు" అనేయడం ఆయనకి సుఖం. ఆయనతో అరిచి లాభం లేదు. మెయిల్ కంపెనీకి పెట్టి, డీలర్‌ని కాపీలో ఉంచండి. ఫోటోలు, వీడియో, జాబ్ కార్డు ఆయన చేతికి తయారుగా ఇస్తే క్లెయిమ్ పంపడం ఆయనకీ తేలికవుతుంది. తీసేసిన పార్టుని కంపెనీ వెనక్కి అడుగుతుంది కాబట్టి మీకు ఇవ్వకపోవచ్చు, ఫోటో మాత్రం తీసుకోండి.

బండిని టాటా ఏస్‌లో విజయవాడ తీసుకెళ్తుంటే పెట్రోల్ వాల్వ్ కట్టేయండి, పక్కకి పడుకోబెట్టొద్దు. హైడ్రోస్టాటిక్ గేరు (ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిప్పేది) బండి అయితే వెనక ఉండే ఫ్రీ లీవర్ లాగకుండా నెట్టొద్దు, గేరుబాక్సు పాడవుతుంది. రవాణా ఖర్చు మామూలుగా వారంటీలో ఉండదు. అయినా టెక్నీషియన్‌ని హాలుకే పంపమని ఒకసారి అడగండి, అడిగితే పోయేదేం లేదు.

రాదని రాసిచ్చాక కూడా అన్యాయమే అనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. కొన్ని కంపెనీలు ఆ దశలోనే దిగొస్తాయి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే ఫిర్యాదు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడో ఉందని అక్కడికి పరిగెత్తక్కర్లేదు. సరుకుకి మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. అయితే వాణిజ్య ప్రయోజనం కోసం కొన్న సరుకుని ఆ చట్టం మినహాయిస్తుంది, స్వయం ఉపాధితో పొట్ట పోసుకునేవాళ్లకి తప్ప. మీ హాలు దాంట్లోకి వస్తుందో రాదో నాలాంటి మెకానిక్కు చెప్పే మాట కాదు. కాగితాలన్నీ పట్టుకుని ఒక లాయరుని కలవండి.

ఇక కంపెనీ చేయనంది, లేదా గడువు అయిపోయింది. అప్పుడు ఆటోనగర్‌కి రండి, తప్పేం లేదు. ఎవరి దగ్గర చేయించినా కొన్ని గట్టిగా చెప్పండి. జెట్టుని ఇనుప తీగతో పొడవొద్దు, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్‌తో, గాలితో, వీలుంటే అల్ట్రాసోనిక్ తొట్టిలో శుభ్రం చేయమనండి. కార్బురేటర్ గిన్నె రబ్బరు రింగు కొత్తది వేయించండి. చవగ్గా దొరికే డూప్లికేట్ కార్బురేటర్ బిగిస్తామంటే ముందు పాతదాన్నే బాగు చేసి చూడమనండి. చాలాసార్లు పాతదే మేలు. తీసేసిన పార్టులు ఇంటికి తెచ్చుకోండి.

సీటు కింద ఉండే స్విచ్‌ని మాత్రం ఎవరినీ ముట్టనివ్వకండి. "ఇదే మాటిమాటికీ ఆపేస్తోంది" అని రెండు వైర్లు మెలితిప్పి డైరెక్టు చేసేస్తారు, మన దగ్గర ఇది మహా అలవాటు. మనిషి సీటు మీంచి లేస్తే బ్లేడ్లు ఆగడానికే అది ఉంది. డైరెక్టు చేస్తే వారంటీ పోవడం చిన్న విషయం. మీ లాన్ పక్కన కాలువ గట్టు వాలు కూడా ఉందన్నారు కదా, అక్కడ బండి ఒరిగి మనిషి కింద పడ్డా బ్లేడ్లు తిరుగుతూనే ఉంటాయి. అలా డైరెక్టు చేసిన బండి నా షాపుకొస్తే మొదట ఆ స్విచ్ వేసి, తర్వాతే మిగతా పని మొదలుపెడతాను. ఒప్పుకోకపోతే బండి తీసుకోను.